ఆస్ట్రియా ఏప్రన్‌కి పసుపు

"ఎందుకు అడగలేదు అమ్మమ్మా? జస్ట్ ఒక్కసారి అడగొచ్చు కదా."

"కొత్త బట్టకి పసుపు పెట్టడానికి ఎవరిని అడగాలే? మీ అమ్మ పెళ్ళిచీరకి పెట్టినప్పుడు ఎవరిని అడిగాం?"

"ఇది కొత్తది కాదు. నాది కూడా కాదు. వాళ్ళ గ్రాండ్‌మాది. సండే కట్టుకోవడానికి ఇచ్చింది. మళ్ళీ రిటర్న్ చెయ్యాలి."

"ఒకళ్ళ వస్తువు తెచ్చి అన్నం తినే బల్ల మీద పడేసి పోతే నాకెట్లా తెలుస్తుంది?"

"లోపల నోట్ ఉంది."

"నాకు ఇంగ్లీషు చదవడం వచ్చా?"

"రాదు కదా. అందుకే అడగాలి."

ఆ మాటకి నా దగ్గర సమాధానం ఉంది. కానీ అది ఆ పిల్లకి చెప్పగలిగింది కాదు.

అది శుక్రవారం పొద్దున. అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా అమ్మాయి ఇంటి వంటగది. మా మనవరాలు ఆ తెల్లటి ఏప్రన్‌ని రెండు చేతుల మీద పరుచుకుని నిలబడింది. దాని నాలుగు మూలలా నాలుగు ఎర్రమచ్చలు, ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత. పెట్టింది పసుపు అయితే ఎర్రమచ్చలు ఎందుకు వచ్చాయంటే అది కూడా నా నిర్వాకమే. గురువారం సాయంత్రం మా అమ్మాయి అది వచ్చిన పెట్టె తెరిచి చూసి, "అమ్మా, ఇది పాతకాలంది, వాళ్ళు ఎరువు ఇచ్చింది" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. అది పక్కగదిలో ఫోన్ మాట్లాడుతుంటే నేను దాన్ని సింకులో వేసి సబ్బు పెట్టి రుద్దాను. సబ్బు తగిలేసరికి పసుపు కాస్తా పారాణి అయి కూర్చుంది. పసుపులో సున్నం పడితే ఎరుపు తిరుగుతుందని ఏ ఆడదానికైనా తెలుసు. సబ్బుకీ అంతేనని నాకూ తెలుసు. కంగారులో చెయ్యి మాట వినలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు.

సంగతి మొదటినుంచి చెప్పాలి. మా మనవరాలు చేసుకోబోయే అబ్బాయి అమెరికా వాడే గానీ వాళ్ళ నానమ్మ ఆస్ట్రియా దేశంనుంచి కొత్త కోడలిగా ఇక్కడికి వచ్చిన మనిషి. ఇప్పుడు ఎనభై ఏడేళ్ళు. ఇక్కడికి గంట దూరంలో చెరువు పక్కన ఒక్కతే ఉంటుంది. వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆచారం ఉందట. పెళ్ళికి ముందు ఇంటివాళ్ళందరూ కలిసి భోజనం చేసే రోజున పెళ్ళికూతురు వాళ్ళ దేశపు గౌను తొడుక్కుని, దాని మీద ఈ తెల్ల ఏప్రన్ కట్టుకుంటుంది. ఆ గౌనుని డిర్న్‌డల్ అంటారు. గౌను ఎవరిది వాళ్ళు కొనుక్కుంటారు. ఏప్రన్ మాత్రం అందరికీ అదే. ముసలావిడ అమ్మమ్మ నాటిది. ఆ ఆదివారమే భోజనాలు. మా పిల్ల ఆ ఇంటికి కోడలవుతోందని నలుగురిలో చెప్పడం అంటే ఆ గుడ్డ నడుముకి కట్టుకుని బల్ల దగ్గర నిలబడటమే. అంతమంది వాళ్ళ పిల్లల మధ్యలో మన రంగు పిల్లకి ఆవిడ తన చేత్తో పెట్టెకట్టి పంపింది. ఆ మర్యాద ఎంత పెద్దదో నాకు తెలియక కాదు.

బుధవారం సాయంత్రం అబ్బాయి పెట్టె తెచ్చి ఇచ్చిపోయాడు. మా పిల్ల బల్ల మీద పెట్టి ఏదో పని ఉందని వెళ్ళిపోయింది. గురువారం ఇంకా ఎవరూ లేవకముందు నేను తెరిచాను. పైన చీటీ ఉంటే తీసి పక్కన పెట్టాను. పల్చటి తెల్లకాగితాలు మడతపెట్టి సొరుగులో దాచాను, రిబ్బను కూడా. మళ్ళీ దేనికైనా పనికొస్తాయి. లోపల ఏప్రన్ గంజిపెట్టి ఇస్త్రీ చేసి కత్తిమడతల్లో ఉంది. వియ్యాలవారు పెట్టిన బట్ట అనుకున్నాను. దేవుడి ముందు దీపం పెట్టి, పసుపు తడిపి, నాలుగు మూలలా పెట్టాను.

నన్ను ఎక్కువగా కుంగదీసింది ఏమిటంటే, నేను మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని. మూడో తరగతి వరకే బడి. ఆ తర్వాత మా నాన్న పక్కన కూర్చుని కండెలు చుట్టాను. బట్ట ఏ నూలుదో, ఎన్ని ఉతుకులు తిన్నదో కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పేదాన్ని. షావుకారు మా నాన్నని మోసం చెయ్యబోతే పదేళ్ళ పిల్లని నేను పట్టుకున్నాను. అటువంటిదాన్ని, నూరేళ్ళ బట్టని పట్టుకుని కొత్తదనుకున్నాను. ఏప్రన్ నడుంపట్టీ లోపలివైపు ఎర్రదారంతో చిన్నచిన్న కుట్లు కనిపించాయి. మా నాన్న కూడా నేసిన తాను చివర ఎర్రనూలుతో గుర్తు వేసేవాడు, ఏ మగ్గం మీద దిగిందో తెలియడానికి. ఇదీ అదే అనుకున్నాను. మగ్గంనుంచి దిగిన గుర్తు ఇంకా ఉందంటే కొత్తదే కదా అని నాకు నేనే సాక్ష్యం చెప్పుకున్నాను.

ఎండలో వేస్తే పసుపు పోతుంది. సబ్బుకి లొంగనిది ఎండకి లొంగుతుంది. ఆ మాటే శుక్రవారం పొద్దున అన్నాను.

"ఏ ఎండ అమ్మా?" అని మా అమ్మాయి కిటికీ వైపు చూపించింది. మంగళవారం పట్టిన ముసురు ఇంకా వదలలేదు. ఒకవేళ ఎండ వచ్చినా వెనక డెక్ మీద బట్ట ఆరేస్తే కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఉత్తరం పంపుతారు. ఒకసారి నా చీరకి పంపారు కూడా.

అప్పుడు మా అమ్మాయి ఉపాయం చెప్పింది. విస్కాన్సిన్ వైపు గంటన్నర దూరంలో ఆస్ట్రియా బట్టలు, చేతిపనులు అమ్మే కొట్టు ఉంది. మా పిల్ల గౌను అక్కడే ఆర్డర్ చేశారు, ఎలాగూ ఆ రోజు వెళ్ళి తెచ్చుకోవాలి. అక్కడ ఇలాంటి తెల్ల ఏప్రన్ ఇంకొకటి చూసి కొనేస్తే సరి. ఆవిడకి పెద్దవయసు, చూపు అంతంతమాత్రం. కనిపెట్టలేదు.

"అమ్మా, దట్స్ చీటింగ్," అంది మా మనవరాలు.

"చీటింగ్ కాదు, పెద్దావిడని బాధపెట్టకుండా ఉండటం. నువ్వేమంటావ్ అమ్మా?"

నేను అవునన్నాను. అదే మంచిదన్నాను.

మా అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది. అది ఏడో తరగతిలో ఉండగా పక్కింటివాళ్ళ ఇత్తడి బిందె నూతిలో పడేసుకుని వచ్చి, తనకేమీ తెలియదంది. దాన్ని చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయి, వాళ్ళ అరుగు మీద నిలబెట్టి, నోటితో చెప్పించింది నేను. ఇంటికొచ్చాక రెండు తగిలించాను కూడా. ఆ సంగతి అది మరిచిపోలేదు. కారు తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టింది.

అల్లుడు ఆఫీసు పనిమీద ఊళ్ళో లేడు. ముగ్గురమే బయల్దేరాం. మా మనవరాలు డ్రైవ్ చేసింది. ఏప్రన్‌ని తువ్వాలులో చుట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. గుడ్డ ముక్క అరవీశె లేదు, గంటన్నర సేపు నా మోకాళ్ళు నొప్పెట్టాయి.

కొట్టు బయటినుంచి బొమ్మరిల్లులా ఉంది. కిటికీ చెక్కల మీద పువ్వుల బొమ్మలు వేసి ఉన్నాయి. లోపల అడుగుపెట్టగానే కొయ్యవాసన, ఉన్నివాసన. ఒక గోడకి గౌనులు, ఇంకో గోడకి మగవాళ్ళ తోలు లాగులు, ఈకలు గుచ్చిన టోపీలు. ఆవుల మెడలో కట్టే గంటలు, వాటి మీద రంగుపూలు. చెక్కిన దేవతలు, మేకలు, గొర్రెలకాపరులు. మా వైపు కొండపల్లి బొమ్మ చేతిలో పెడితే దూదిలా ఉంటుంది. వీళ్ళది చేవకొయ్య, పచ్చడిబండ బరువుంది. గాజుబుడ్డిలో నీళ్ళు, ఆ నీళ్ళలో చర్చి. తిప్పితే మంచు పడుతుంది. దాని అడుగున చీటీ చూసి, అది చైనాలో చేసిందని మా మనవరాలు చదివింది. కొయ్యబొమ్మ అడుగున మాత్రం చెక్కినవాడు ఉలితో పెట్టిన గుర్తు ఉంది. ఒక్కదాని ఖరీదు అడిగి ఇక మిగతావాటివి అడగడం మానేశాను. ఇక్కడ బేరం ఆడకూడదని మా అమ్మాయి కారు దిగకముందే ఒట్టు పెట్టించుకుంది.

కొట్టు నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. పొడగరి. తనూ ముదురాకుపచ్చ గౌను తొడుక్కుని, పైన నల్ల ఏప్రన్ కట్టుకుంది. కళ్ళద్దాలు గొలుసుకి వేలాడుతున్నాయి. అమ్మానాన్నలు ఆ దేశంనుంచి వచ్చినవాళ్ళట. మా అమ్మాయి ఇంట్లో ఉన్న పాతదాని లాంటి తెల్ల ఏప్రన్లు చూపించమంటే మూడు తెచ్చి పరిచింది.

మొదటిదాన్ని ముట్టుకోగానే వదిలేశాను. పాలిస్టర్. రెండోది మిల్లు నూలు, కింద మిషను లేసు. మూడోది పట్టుకున్నాను. అది నారబట్ట. అవిసెనార వడికి నేసినదట. బిరుసుగా, వేలికి గుచ్చుకునేట్టుగా, కాస్త గడ్డిరంగులో ఉంది. రెండో చేత్తో తువ్వాలులోకి వేళ్ళు పోనిచ్చి పాతదాన్ని తడిమాను. అది ఏటిరాయిలా నున్నగా ఉంది. మన నూలుబట్ట ఉతికేకొద్దీ పలచబడి, నూగు లేచి, చివరికి పీలిక అవుతుంది. ఈ నార అట్లా కాదు. ఉతికేకొద్దీ నిగ్గు తేలుతుంది. నేను కొత్తదనం అనుకుని మురిసింది నూరేళ్ళ ఉతుకుడుని. నా వేళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ నార సంగతి వాటికి తెలియదు, తెలియదని నేను ఒప్పుకోలేదు, అంతే.

ఇంతలో మా మనవరాలు తన గౌను తొడుక్కుని వచ్చింది. ముదురునీలం. ఒప్పుకోవాలి, పిల్లకి బాగా కుదిరింది. కొట్టావిడ దాని నడుముకి మూడో ఏప్రన్ చుట్టి, ముందువైపు ఎడమపక్కన ముడి వేసింది. ఇంకా పెళ్ళి కాలేదు గనక ఎడమపక్కన వెయ్యాలట, పెళ్ళయినవాళ్ళు కుడిపక్కన వేస్తారట. మా మనవరాలు నవ్వి, మరి మీది కనిపించదేం అని అడిగింది. ఆవిడ వెనక్కి తిరిగి బొటనవేలితో చూపించింది. ముడి వీపు వెనక ఉంది. మొగుడు పోయినవాళ్ళు వెనక కడతారు అంది. అనేసి కొలత టేపు కోసం వెతుక్కుంది. ఖరీదు చెప్పినంత తేలిగ్గా చెప్పింది. మళ్ళీ వచ్చి, అదే చేతులతో, పెళ్ళికూతురి ముడి సరిచేసింది.

మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పబోయింది. అర్థమైందన్నాను. పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను.

తర్వాత జరిగింది మేము అనుకోనిది. పొడవు సరిచూడాలి, పాతది తెచ్చారా అని కొట్టావిడ అడిగింది. మా అమ్మాయి తటపటాయిస్తూ నా ఒళ్ళోంచి తీసి, మూలలు లోపలికి మడిచి ఇచ్చింది. ఆవిడ బల్ల మీద పరిచి, నడుంపట్టీ తిరగేసి, కళ్ళద్దాలు పెట్టుకుంది. ఎర్రకుట్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. రెండేసి అక్షరాలు, పక్కన పెళ్ళి చేసుకున్న ఏడాది. నాలుగు జతలు. ఈ ఏప్రన్ కట్టుకుని కోడళ్ళయినవాళ్ళు పెళ్ళి తర్వాత ఎవరి అక్షరాలు వాళ్ళు కుట్టుకున్నారట. నాలుగో జత తర్వాత జానెడు చోటు ఖాళీగా ఉంది.

మూలలు విప్పి ఎర్రమచ్చలు చూసింది. ఇదేమిటని అడిగింది. మసాలా దినుసు అని మా అమ్మాయి నీళ్ళు నమిలింది. కొట్టావిడ మా ముగ్గురినీ చూసి, బల్ల మీద ఉన్న కొత్త ఏప్రన్‌ని చూసి, మేము దేనికి వచ్చామో గ్రహించింది. కోప్పడలేదు. కొత్తది అమ్మడానికి తనకేం అభ్యంతరం లేదంది. కానీ ఈ నలుగురు ఆడవాళ్ళనీ ఎక్కణ్ణుంచి తెచ్చి కుట్టిస్తారు అంది. మా మనవరాలు ఆ మాట తెలుగు చేసి చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

ఏప్రన్ కొనలేదు. అంతసేపు ఆవిడ చేత పని చేయించుకుని గౌను ఒక్కటే పట్టుకుపోతే బాగుండదని మా అమ్మాయి ఒక కొయ్యమేకని కొంది. ముసలావిడకి ఇద్దామంది.

"ఆస్ట్రియా మనిషికి ఆస్ట్రియా మేకని పట్టుకెళ్ళి ఇస్తావా? మన ఇంటికి ఎవరైనా వంకాయ కూర పట్టుకొచ్చి ఇచ్చినట్టుంటుంది," అన్నాను. ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళే.

తిరుగుదారిలో వాన ఇంకా పడుతూనే ఉంది. అరగంట పోయాక మా అమ్మాయి, వెనక సీట్లో ఉన్న నా వైపు తిరగకుండానే అడిగింది.

"అమ్మా, నువ్వు ఉప్పు డబ్బా చోటు మార్చాలన్నా నన్ను పిలుస్తావు. దీనికెందుకు అడగలేదు?"

అదే ప్రశ్న పొద్దున పిల్ల అడిగితే తప్పించుకున్నాను. ఇప్పుడు ఒళ్ళో ఆ గుడ్డ ఉంది, కళ్ళముందు ఆ కొట్టావిడ వీపు ఉంది. చెప్పాను.

మా ఆయన పోయి పద్నాలుగేళ్ళు. ఆయన పోయిన ఏడాదే మా అమ్మాయి నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. ఇక్కడికి వచ్చాక ఎన్ని పెళ్ళిళ్ళు చూశానో. నాలుగేళ్ళ క్రితం ఫ్రిస్కోలో మా దగ్గరి చుట్టాల అమ్మాయి పెళ్ళికి ముందురోజు ఆడవాళ్ళందరూ పెళ్ళిబట్టలకి పసుపు పెడుతున్నారు. గిన్నెలో పసుపు మరీ నీళ్ళగా కలిపారు. ఇట్లా అయితే బట్టంతా కారుతుందని చెప్పి, నేను గిన్నె అందుకున్నాను. ఆ ఇంటి కోడలు, చదువుకున్న పిల్ల, డాక్టరు, నా చేతిలోంచి మెల్లగా గిన్నె తీసుకుంది. "మీరు కూర్చోండి ఆంటీ, మేము చూసుకుంటాం," అంది. ఎంతో మర్యాదగా అంది. కుర్చీ కూడా తెచ్చి వేసింది. ఎవరూ నన్నేమీ అనలేదు. అందరూ ఒక్క క్షణం మాట ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. నేను కూర్చుని చూశాను. పసుపు కారనే కారింది.

ఆ పిల్లని తప్పు పట్టే నోరు నాకు లేదు. నాకు ముప్పై ఏళ్ళప్పుడు మా పెద్ద తోటికోడలు, మొగుడు పోయిన మనిషి, మా ఆడపడుచు పెళ్ళిలో పసుపుగిన్నె పట్టుకోబోతే నేనూ అదే చేశాను. నేను కుర్చీ కూడా వెయ్యలేదు.

గురువారం పొద్దున పెట్టె తెరిచేసరికి ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. బట్ట తెల్లగా ఉంది. పసుపు అలమారులో ఉంది. వద్దనేవాళ్ళు ఎవరూ లేరు.

మా మనవరాలు వెనక అద్దంలోంచి నన్ను చూసింది. "విడో అయితే పసుపు పెట్టకూడదా? ఎవరు చెప్పారు అమ్మమ్మా?"

"నేనే చెప్పాను. చాలామందికి."

మా అమ్మాయి ఈసారి నా వైపు తిరిగింది. "నన్ను అడిగి ఉంటే నేను వద్దనేదాన్నా?"

"అనేదానివి కాదు. కానీ పెట్టమనే ముందు ఒక్క క్షణం ఆగేదానివి. ఆ క్షణం నేను చూడదల్చుకోలేదు."

ఆగి ఉండేదో లేదో దానికే తెలియదు. కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. నాకు ఓదార్చడం చేతకాదు, ఎప్పుడూ చేతకాలేదు. తువ్వాలు కొస ఇచ్చాను.

ఇంటి దగ్గరికి వచ్చాక మా మనవరాలు, ఆ ముసలావిడకి తనే ఫోన్ చేసి అంతా చెప్పేస్తానంది. అబ్బాయికి కూడా ముందు ఆవిడకి చెప్పాకే చెప్తానంది. ఆదివారం ఆవిడ ఏప్రన్ కట్టుకోవద్దంటే కట్టుకోనంది. ఆ ఇంట్లో ఆవిడ మాటే మాటట. ఆవిడ ముఖం తిప్పుకుంటే ఇంకెవరూ ఇటు చూడరని మా పిల్ల భయం.

"ఫోనులో కాదు," అన్నాను. "రేపు పట్టుకెళ్దాం. పాడుచేసింది నేను. నువ్వు పక్కన నిలబడి నా మాట ఇంగ్లీషులో చెప్పు, చాలు."

ఇంట్లో సొరుగు తీసి, దాచిన పల్చకాగితాలు, రిబ్బను బయటికి తీశాను. ఏప్రన్‌ని మళ్ళీ అదే పెట్టెలో సర్దాను.

తెల్లారేసరికి ముసురు వదిలింది. ఎనిమిదింటికి బయల్దేరాం. ఉత్త చేతులతో పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళకూడదు గనక, ఫ్రిజ్‌లో నాలుగు నిమ్మకాయలుంటే తీసుకున్నాను. మరకకి కూడా అవసరం అవుతాయి. మా అమ్మాయి వాకిట్లోకి వచ్చి నిలబడింది గానీ మాతో రాలేదు. ముగ్గురం వెళ్తే దండెత్తినట్టు ఉంటుందని నేనే వద్దన్నాను.

ముసలావిడ నాకంటే పొట్టి. వీపు వంగింది, చేతులు మాత్రం గట్టివి. తలుపు తియ్యగానే నిమ్మకాయలు ఆవిడ చేతిలో పెట్టి నమస్కారం చేశాను. ఆవిడ వాటిని చూసి, నన్ను చూసి, ఒక గిన్నెలో పెట్టింది. మా మనవరాలు మొదలుపెట్టబోతే నేను ఆపి, నా రొమ్ము మీద చెయ్యి పెట్టి, నాకున్న ఇంగ్లీషులో, "ఐ డిడ్. నాట్ షీ," అన్నాను.

ఆవిడ వంటగది బల్ల మీద ఏప్రన్ పరిచింది. నాలుగు మూలలూ ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూసింది. ఈ దేశంలో ఎవరి కాలు తొక్కినా ఇట్స్ ఓకే అంటారు. ఆవిడ అనలేదు. తను చిన్నప్పుడు ఈ పని చేసి ఉంటే వాళ్ళ అమ్మ చెంప పగలగొట్టేదంది. మా మనవరాలు ఆ మాట చెప్పడానికి ఇబ్బంది పడింది. మా అమ్మ కూడా అంతేనని చెప్పమన్నాను.

ఎందుకు చేశానని ఆవిడ అడిగింది. మా మనవరాలు చెప్పింది. నేను కారులో చెప్పినదానికంటే ఎక్కువసేపే చెప్పింది. ఏం చెప్పిందో నాకు పూర్తిగా తెలియదు. ఆవిడ వింటున్నంతసేపూ నా వైపే చూసింది.

తర్వాత నేను చాకు అడిగాను. ఒక నిమ్మకాయ కోసి, రసం ఎర్రమచ్చ మీద పిండాను. ఎరుపు పోయి పసుపు తిరిగింది. ఆవిడ వంగి చూసి, మిగతా మూడు మూలలకీ తనే పిండింది. ఇక ఎండ కావాలని పైకి చూపించాను. ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది. వాళ్ళ ఊళ్ళో కూడా నారబట్టని గడ్డి మీద పరిచి ఎండకి తెల్లబరిచేవాళ్ళట. వెనక పెరట్లోకి తీసుకెళ్ళి తడిగడ్డి మీద పరిచి, అంచులకి రాళ్ళు పెట్టింది. రెండు కుర్చీలు వేసింది. ఇద్దరం కూర్చున్నాం. ఎండినప్పుడల్లా ఆవిడ నీళ్ళు చిలకరించేది. గాలికి అంచు లేస్తే నేను సర్దేదాన్ని.

పదకొండున్నరకి మూడు మూలలు దాదాపు తెల్లబడ్డాయి. నాలుగోదాన్లో, నేను ముందుగా పెట్టినచోట, పసుపు అలాగే ఉంది. ఆవిడ దాన్ని తీసి దులిపి, ఆ మూల లోపలికి వచ్చేట్టు మడిచింది. ఇది ఇక పోదంది. రేపు కట్టుకున్నప్పుడు ఆ మూలని చేత్తో పట్టుకుని నిలబడమని మా మనవరాలికి చెప్పింది. పిల్ల ఏడుస్తూ తలూపింది.

మేము బయల్దేరేటప్పుడు ఆవిడ గిన్నెలో మిగిలిన మూడు నిమ్మకాయలూ తీసి నాకు తిరిగి ఇవ్వబోయింది. గుమ్మం దాకా తెచ్చి ఆగింది. వాటిని తను కట్టుకున్న వంట ఏప్రన్ జేబులో వేసుకుని తలుపు వేసుకుంది.